గోడ కట్టేముందు

మా అన్నయ్యకి నేను పెట్టిన పేరు ఇస్త్రీ. నోట్లోనే దాచుకున్న పేరు, బయటికి అన్నయ్యా అనే పిలుస్తాను, పిలవకపోతే అమ్మ ఊరుకోదు. ఆయన చొక్కా నలగడం నేను చూడలేదు, మాట నలగడం ఎవరూ చూడలేదు. నేను ఆరో తరగతిలో బడి మానేసింది ఇంట్లో ఇబ్బందుల వల్లనని చుట్టాలు చెప్పుకుంటారు, అబద్ధం, ఇస్త్రీ వల్ల. నా పెళ్ళికి ఆయన రాకపోవడం వాన వల్లనని చెప్పుకుంటారు, అదీ అబద్ధమే, ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు, మా అత్తవారు దేవుణ్ణి కొలిచే తీరు ఆయనకి నచ్చలేదు, అంతే. అటువంటి మనిషి ఇప్పుడు నా ఇంట్లో, నా కుర్చీలో, నా ఫ్యాను కింద కూర్చుని నాన్న పాఠాల పుస్తకానికి చుట్టిన గుడ్డ విప్పుతున్నాడు. మధ్యన ఉన్నది ప్లైవుడ్ గోడ, అవతల వాళ్ళు ఊపిరి పీల్చినా వినిపిస్తుంది, ఇవతల నేను రాగితీగ చుడుతున్నాను. పదకొండు, పన్నెండు. పిండిమర మోటారు, పోయిన వారం కాలిపోయింది, ఒక్కో కాయిల్‌కి డెబ్బై ఆరు చుట్లు, చెక్క అచ్చు మీద చేత్తో చుట్టాలి, పెదవులు కదపకుండా లోపలే లెక్కపెట్టుకోవాలి. పదమూడు. ఆదివారం, పొద్దున్న పది గంటలు, పన్నెండో పాఠం, ఆఖరిది. పదకొండు కొట్టేసరికి నా పని మెయిన్ రోడ్డు ఎక్కుతుందో ఈ సందులోనే పడి ఉంటుందో తేలిపోతుంది, తేల్చవలసినది తొమ్మిదేళ్ళ పదకొండు నెలల నా పిల్ల.

నాన్న పోయేముందు మెయిన్ రోడ్డు మీది జాగా నాకే రాశాడు. రాసి ఊరుకుంటే నాన్న ఎందుకవుతాడు, తోక ఒకటి తగిలించాడు. చిన్నవాడి పిల్ల పదేళ్ళు నిండేలోపు ఇంటి దగ్గరే పుస్తకంలోని పన్నెండు పాఠాలు నేర్చుకోవాలి, ఆఖరి పాఠం నాడు పెద్దవాడి ఎదుట చూడకుండా అప్పజెప్పాలి, అర్థమైంది, ఒప్పుకుంటున్నాను అని తన నోటితో తను అనాలి, అన్నదని పెద్దవాడు సంతకం పెట్టాలి, పెట్టకపోతే జాగా ప్రార్థనా మందిరానికి పోతుంది. నా మీద ఆశ వదులుకుని నా పిల్ల మీద పెట్టాడు షరతు. నాన్న పోయి ఆరేళ్ళు, ఆ ఆరేళ్ళూ నేను సాగదీశాను, ఇస్త్రీని పిలిచి కుర్చీ వెయ్యడం కన్నా సందులో మగ్గడమే మేలనుకున్నాను. పద్ధెనిమిది, పంతొమ్మిది. కానీ సందు సందే. తోపుడు బండి లోపలికి వస్తే మళ్ళీ తిరగదు, మోటారుని మలుపు దగ్గర దింపి భుజాన మోసుకు రావాలి, ఒక హార్స్‌పవర్ అయితే మోస్తారు, ఐదయితే ఎవడు మోస్తాడు, రోడ్డు మీది అద్దాల తలుపుల కొట్టువాడికి ఇచ్చి పోతారు, వాడు లెక్క మీద చుట్టడు, అంచనా మీద చుడతాడు, ఆ మోటార్లే మళ్ళీ ఆరు నెలలకి కాలి నా దగ్గరికి వస్తాయి, చిన్నవి మాత్రమే వస్తాయి. ఒకరోజు మా ఆవిడ కంచం నా ముందు పెడుతూ, మీ పంతం మీద మీరు కూర్చున్నారు, బాగానే ఉంది, మోటార్లు ఎక్కడ కూర్చోవాలండీ అంది. ఆ మాటకి చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళి ఇస్త్రీని పిలుచుకొచ్చాను. అంటే ఏమిటి, నా పొయ్యి వెలగడం కోసం నా పిల్లని తీసుకెళ్ళి ఆయన ముందు కూర్చోబెట్టాను. ఇరవై మూడు, ఇరవై నాలుగు.

ఒకటి ఒప్పుకోవాలి, పిల్ల ఒక్క ఆదివారం కూడా ఏడుస్తూ కూర్చోలేదు. గుండుసూది అంటాను దాన్ని, సన్నగా ఉంటుంది, తల గట్టిది, ఎక్కడ పడినా మొన పైకే ఉంటుంది. ఎదురు తిరగడానికి అడగదు, లోపలికి వెళ్ళే దారి ఎటని అడుగుతుంది, ఆ తేడా తెలియక చాలామంది దెబ్బ తిన్నారు. మొదటి పాఠం, ఇచ్చినవాడికి పదింతలు తిరిగి వస్తుంది. మర్నాడే బడిలో పక్క బెంచీ పిల్లకి తన రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చేసింది, పన్నెండు పెన్సిళ్ళు, ఇంటికొచ్చి అలమరలో నూట ఇరవైకి చోటు ఖాళీ చేసి పెట్టింది. ఆ చోటు వారమంతా ఖాళీగానే ఉంది. తర్వాతి ఆదివారం ఇస్త్రీని అడిగితే, ఈ లోకంలో కాదమ్మా, పైలోకంలో వస్తాయి అన్నాడు. అక్కడ నాకు పెన్సిళ్ళెందుకు పెదనాన్నా, అక్కడ కూడా హోంవర్కు ఉంటుందా అంది. నేను ఇవతల తీగ నోట్లో పెట్టుకుని నవ్వాపుకున్నాను, రాగి రుచి ఇంకా గుర్తుంది. మూడో పాఠం, మనసులో అనుకున్నా చేసినట్టే. అయితే పెదనాన్నా, నిన్న నేను లెక్కలు చేసేద్దామని చాలా గట్టిగా అనుకున్నాను అంది. దాని గొంతులో ఎకసెక్కం లేదు, అదే ఇస్త్రీకి మింగుడు పడనిది, ఎకసెక్కం ఉంటే చెవి మెలిపెట్టవచ్చు, నిజంగా తెలుసుకోవాలని అడిగే పిల్లని ఏం చేస్తాడు, దగ్గి నీళ్ళు తాగాడు. ఇరవై తొమ్మిది, ముప్పై.

ఐదో పాఠం క్షమాపణ గురించి. ఆ వారమే అది మా అమ్మ కళ్ళద్దాలు తొక్కి విరగ్గొట్టింది, తనే వెళ్ళి చెప్పింది, క్షమించాను పోవే అంది అమ్మ, అన్నది మొదలు వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది, క్షమించిన సంగతి కాదు, కళ్ళద్దాల సంగతి. క్షమించాక దేవుడికి అది గుర్తుంటుందా పెదనాన్నా, గుర్తుంటే క్షమించినట్టు కాదు కదా, మరిచిపోతే అన్నీ తెలిసినట్టు కాదు కదా. ఇస్త్రీ పుస్తకంలో వెతికాడు, దొరకలేదు. నాలుగు రోజులు పిల్ల దాని మీదే ఉంది, జడ వేయించుకుంటున్నా అదే, చెప్పులు వేసుకుంటున్నా అదే, చివరికి తనే తేల్చుకుంది, దేవుడికి గుర్తుంటుంది కానీ ఆ ఊసు ఎత్తడు నాన్నా, నానమ్మకి దేవుడంత ఓపిక లేదు కాబట్టి ఎత్తుతుంది. ఆదివారం ఇదే మాట ఇస్త్రీకి చెప్పింది. ఆయన పుస్తకం మూసి గుడ్డ చుట్టేశాడు. ముప్పై నాలుగు. ఇంకో రోజు నా బల్ల పక్కన కూర్చుని, నేను కాయిల్‌కి టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తుంటే, తీగలో కరెంటు ఉందని నీకెలా తెలుసు, చూశావా అంది. కరెంటుని ఎవరూ చూడరమ్మా, ల్యాంపు వెలిగితే ఉన్నట్టు అన్నాను. అయితే దేవుడికి ల్యాంపు ఏది అంది. ఆరో తరగతి మానేసినవాణ్ణి, నాకేం తెలుసు, మీ పెదనాన్నని అడుగు అన్నాను వెటకారంగా. అది నా వెటకారాన్ని పట్టించుకోలేదు, బొటనవేలితో గుండె మీద నొక్కుకుని, ఎవరైనా ఏడుస్తుంటే నాకిక్కడ ఏదో అవుతుంది నాన్నా, అదేనేమో అంది. ఇస్త్రీ నలభై ఏళ్ళుగా చదువుతున్నాడు ఆ పుస్తకాన్ని. అందులో ఈ మాట ఉందో లేదో నాకు తెలియదు, ఉంటే ఆయన ఆ పేజీ తిప్పేసి ఉంటాడు.

అటువంటి పిల్లకి నిన్న సాయంత్రం నేను ఏం చెప్పాను. ముప్పై తొమ్మిది, నలభై, తీగ వదులైతే చుట్టు మీద చుట్టు ఎక్కుతుంది. మెట్ల మీద కూర్చుని గోరు కొరుక్కుంటోంది, పక్కన కూర్చుని, రేపు ఒక్కరోజు అర్థమైంది అనేయమ్మా అన్నాను. అర్థం కాకపోయినా అనాలా అంది. అర్థం కాకపోయినా అను, ఒప్పుకుంటున్నాను అని కూడా అను, రెండు మాటలు, నోరు అరిగిపోదు అన్నాను. నీకు చుట్ల లెక్క తప్పిపోతే డెబ్బై ఆరూ ఉన్నాయని అనేస్తావా నాన్నా అంది. మోటారు వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరు అంది. అది నేర్చుకోవడానికే అడిగింది, మళ్ళీ, వెటకారం లేదు. నేను లేచి లోపలికి వచ్చేశాను. ఎలా వేరు. తెల్లారాక మొహం కడుక్కుంటుంటే జవాబు తట్టింది, వేరేమీ కాదు. అద్దాల తలుపుల కొట్టువాడికీ నాకూ ఉన్న తేడా ఆ ఒక్కటే, లెక్క తప్పితే నేను విప్పేసి మొదటినుంచి చుడతాను, వాడు తప్పిందని చెప్పకుండా ఇచ్చేస్తాడు. నేను నా పిల్లని ఆ కొట్టుకి పంపాను.

అవతల ఇస్త్రీ గొంతు. విధేయత పాఠం, ఆఖరిది, నాన్న గొంతులో వినేవాళ్ళం మేమిద్దరం, అదే ఆగడం, అదే ఊపు, ఆస్తి అంటే ఇదీ, ఆయనకి గొంతు వచ్చింది, నాకు జాగా రావాలి. నలభై నాలుగు. ఒక యజమాని ఇద్దరు పనివాళ్ళని పిలిచి, సాయంత్రంలోగా ఉత్తరపు గది తలుపు తీసేసి ఆ చోట గోడ కట్టండి అన్నాడు. మొదటివాడు, ఎందుకయ్యా అన్నాడు. రెండోవాడు మాట్లాడకుండా తాపీ అందుకున్నాడు. సాయంత్రానికి గోడ లేచింది. యజమాని మొదటివాణ్ణి గేటు బయటికి పంపాడు, రెండోవాడికి ఇంటి తాళాలు అప్పగించాడు. అడిగినవాడు బయటివాడయ్యాడు, చేసినవాడు ఇంటివాడయ్యాడు. ఇదీ కథ, దాని కింద పద్నాలుగు వాక్యాలు వివరణ. గుండుసూది అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మాట తడబడలేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంది, పద్నాలుగు వాక్యాలూ వరసగా, నలభై తొమ్మిది, యాభై, యాభై ఒకటి, నా చేతులు దాని గొంతు వెంట పరుగెత్తాయి, ఒక్కో వాక్యానికి ఒక్కో అడుగు జాగా నా కిందకి వస్తున్నట్టు ఉంది, షట్టరు ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాను, నీలం, లోపల గొలుసు కప్పీ, ఐదు హార్స్‌పవర్లు పది హార్స్‌పవర్లు కప్పీకి వేలాడుతూ, యాభై ఆరు. అయిపోయింది. బాగా చెప్పావు అన్నాడు ఇస్త్రీ, ఆయన నోట బాగా అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. కాగితం తీసిన చప్పుడు. పెన్ను మూత తీసిన చప్పుడు.

"అర్థమైందా అమ్మా?"

ఫ్యాను తిరుగుతోంది. అను తల్లీ, అనకు తల్లీ, రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి నాకు, ఏది ముందో తెలియదు, యాభై ఎనిమిదా, యాభై తొమ్మిదా, లెక్క పోయింది.

"ఒకటి అడగనా పెదనాన్నా?"

"అడుగు."

"గోడ కట్టేముందు ఆ గదిలో ఎవరైనా ఉన్నారేమోనని రెండోవాడు చూశాడా?"

"కథలో అది లేదు."

"లేదనే అడుగుతున్నాను."

"చూడాల్సిన పని లేదు. యజమాని చెప్పాడు."

"యజమానికి అన్నీ తెలుసనుకోండి. మరి రెండోవాడికి తెలీదు కదా. లోపల పిల్లి ఉన్నా కట్టేసేవాడేనా?"

"పాఠం పిల్లి గురించి కాదమ్మా."

"పిల్లికైతే అదే కదా పెదనాన్నా పాఠం."

నా చేతిలో అచ్చు ఆగిపోయింది. ఆ గది నాకు తెలుసు. ఉత్తరపు గది కాదు, పాత ఇంట్లో మెట్ల కింద సామాన్ల గది, విరిగిన కుర్చీలు, ఖాళీ నూనె డబ్బాలు, కిటికీ లేదు, తలుపు కింద వేలెడు సందు, దానిలోంచి వెలుతురు కర్రలా నేల మీద పడేది. నాకు పదకొండేళ్ళు. ఇంట్లో ప్రతి సాయంత్రం నాన్న పాఠం, మేమిద్దరం చేతులు కట్టుకుని కింద కూర్చోవాలి. ఆ నెలలోనే చెల్లి పుట్టి పన్నెండు రోజులుండి పోయింది, పేరు కూడా పెట్టలేదు, దాని గుడ్డలు ఇంకా తీగ మీద ఆరుతున్నాయి. మనిషి పడే ప్రతి బాధా వాడు చేసిన తప్పుకి కూలి అని నాన్న చదివాడు. చెల్లి ఏం తప్పు చేసింది నాన్నా అన్నాను. అంతే నేనన్నది. పొగరుతో అనలేదు, పిల్లకి పన్నెండు రోజుల్లో తప్పు చెయ్యడానికి తీరికెక్కడిదని నిజంగానే లెక్క వేశాను, పాలు తాగేది, పడుకునేది, ఒకసారి తుమ్మింది. నాన్న అరవలేదు, వీణ్ణి తీసుకెళ్ళి లోపల పెట్టు, క్షమించమని అడిగేదాకా తియ్యకు అని పెద్దవాడితో చెప్పాడు. పెద్దవాడికి పద్నాలుగు. నా రెక్క పట్టుకుని నడిపించాడు, గట్టిగా కూడా పట్టుకోలేదు, లోపలికి వెళ్ళమన్నట్టు తలుపు తెరిచి నిలబడ్డాడు, నా మొహం వైపు చూడలేదు, గడియ వేశాడు. ఆ గడియ ఇనుము ఇనుముతో కలిసే చప్పుడు. దేన్ని క్షమించమనాలో నాకు తెలియలేదు, తెలియక అడగలేదు, అడగలేదు కాబట్టి తియ్యలేదు, సాయంత్రం నుంచి మర్నాటి సాయంత్రం దాకా. కొట్టాను తలుపు, అన్నయ్యా అన్నాను, అమ్మా అన్నాను, తర్వాత ఊరుకున్నాను. బయటికి వచ్చాక పుస్తకం ఏది తెరిచినా ఆ నూనె డబ్బాల వాసన వచ్చేది, లెక్కల పుస్తకమైనా సరే, ఆ ఏడే బడి మానేశాను. తలుపు తీసినప్పుడు అమ్మ నా మొహం చూసి పక్కకి తిరిగింది. ముప్పై ఆరేళ్ళు నేను దాన్ని కోపమనుకున్నాను, చచ్చిపోయిన పిల్ల ఊసు ఎత్తినందుకు అమ్మ నన్ను క్షమించలేదనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే ఏమవుతుందో నాకు నేర్పారు కదా.

"ఉన్నాడు."

అమ్మ గొంతు. హాల్లో మూలన మంచం మీద ఉంటుంది, పాఠం జరిగినంతసేపూ నిద్రపోతుందనే అందరం అనుకుంటాం.

"ఎవరు నానమ్మా?"

"మీ నాన్న. గదిలో మీ నాన్న ఉన్నాడే. గడియ వేసినవాడు ఇదిగో, వీడు."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడు ఇస్త్రీ.

"ఇప్పుడు కాకపోతే నేను పోయాక చెప్పుకుంటారా. పన్నెండు రోజుల పిల్ల ఏం తప్పు చేసిందని అడిగాడు వాడు. అదే మాట నా కడుపులో కూడా ఉందిరా పెద్దోడా. నాకు నోరు రాలేదు. పదకొండేళ్ళవాడికి వచ్చింది. ఇక వాడి మొహం ఎలా చూడను. తలుపు కొట్టాడు, కొట్టాడు, ఊరుకున్నాడు. వాడు ఊరుకున్నాక నాకు నిద్ర పట్టింది. ఏ పాఠంలో ఉందో వెతుకు దానికి క్షమాపణ."

ప్లైవుడ్‌కి నుదురు ఆనించాను. నవ్వు వస్తోంది, ఏడుపు కూడా వస్తోందేమో, కాయిల్స్‌కి పూసే వార్నిష్ వాసనకి కళ్ళు మండుతున్నాయని చెప్పుకోవచ్చు, ఎవరికి చెప్పుకోవాలి, ఎవరూ లేరు. కోపం కాదు. ముప్పై ఆరేళ్ళు నేను తప్పు చుట్టుకుంటూ వచ్చాను, మొదటి చుట్టే తప్పు, అమ్మ మొహం తిప్పుకున్నది సిగ్గుతో. నా ప్రశ్న అమ్మ ప్రశ్న. నేను ఒక్కణ్ణే లేను ఆ గదిలో, తలుపుకి ఆ పక్క ఆవిడ ఉంది, ఆ పక్క కూడా కిటికీ లేదు. ఇంత సంగతి బయటికి లాగడానికి వకీలు అక్కర్లేకపోయింది, పెద్దమనుషులు అక్కర్లేకపోయింది, పిల్లి గురించి అడిగే పిల్ల చాలింది.

"నాన్న వెయ్యమన్నాడు" అంటున్నాడు ఇస్త్రీ, పాఠం గొంతు కాదు. "నాకు పద్నాలుగేళ్ళప్పుడు."

"ఎందుకని అడగలేదా పెదనాన్నా?"

"పద్నాలుగేళ్ళు అమ్మా. చిన్నవాణ్ణి."

"నాకింకా పది నిండలేదు" అంది గుండుసూది, దెప్పడానికి కాదు, గురువారం పుట్టినరోజని అందరికీ చెబుతోంది కదా, అలాగే చెప్పింది.

కుర్చీ జరిగింది. "ఒరేయ్, ఒకసారి ఇటు రా" అన్నాడు.

వెళ్ళాను. చుట్టిన తీగ అచ్చు మీదే వదిలేసి, చేతులు తుడుచుకోకుండా వెళ్ళాను. అందరూ ఉన్నారు, అమ్మ మంచం మీద లేచి కూర్చుంది, కళ్ళద్దాలకి కట్టిన దారం ఒక చెవి మీంచి వేలాడుతోంది, మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది, గరిటె నుంచి చుక్కలు కింద పడుతున్నాయి, చూసుకోవడం లేదు. పిల్ల చాప మీద, పుస్తకం దాని ఒళ్ళో. ఇస్త్రీ చొక్కా చూశాను, నలగలేదు, కానీ రెండో చేతి బొత్తాం పెట్టుకోవడం మరిచిపోయాడు, యాభై ఏళ్ళ మనిషి, బొత్తాం పెట్టకపోతే మణికట్టు ఎంత సన్నగా ఉంది. కాగితం బల్ల మీద ఉంది, పెన్ను దాని మీద ఉంది.

"నాకు నీకివ్వాలనే ఉందిరా" అన్నాడు. "అర్థమైంది, ఒప్పుకుంటున్నాను. ఈ రెండు మాటలు అనమను. సంతకం పెట్టేస్తాను. అనకుండా అన్నదని మాత్రం రాయలేను. రాయమనకు నన్ను."

అదీ ఇస్త్రీ అంటే. ఆ చేత్తో అబద్ధం రాయలేడు, రాస్తే ఎంత హాయిగా అసహ్యించుకునేవాణ్ణి, ఆ సుఖం కూడా నాకు దక్కనివ్వలేదు.

పిల్ల నా వైపు చూసింది. "చెప్పనా నాన్నా? నువ్వు చెప్పమంటే చెప్పేస్తాను."

చెప్పేస్తుంది. నిన్న నేను నేర్పాను కదా. దాని కళ్ళల్లో మొండితనం లేదు, నా కోసం నోరు తెరవడానికి సిద్ధంగా ఉంది, గడియ నా చేతిలో ఉంది, వేస్తే మెత్తగా పడుతుంది, చప్పుడు కూడా రాదు, పిల్ల లోపల, నీలం షట్టరు బయట. ఆ షట్టరుని ఒక్కసారి కళ్ళారా చూసుకున్నాను, గొలుసు కప్పీ, దాని పక్క నా బల్ల, బండి తిరగడానికి చోటు. బాగుంది. చాలా బాగుంది.

"నీకు అర్థమైందా?" అన్నాను.

"లేదు. కొంచెం కూడా."

"అయితే లేదనే చెప్పు. గట్టిగా చెప్పు, మీ పెదనాన్న రాసుకోవాలి."

"అర్థం కాలేదు పెదనాన్నా" అంది గుండుసూది, అప్పజెప్పిన గొంతుతోనే, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుని. "గదిలోకి చూసి కట్టి ఉంటే ఒప్పుకునేదాన్ని."

అమ్మ నవ్వింది. పళ్ళు లేని నవ్వు, ముందు దగ్గు అనుకున్నాను. నేను మా ఆవిడ వైపు చూడడానికి భయపడ్డాను, పెళ్ళయిన పదిహేనేళ్ళూ వార్నిష్ పొగలో వంట చేసిన మనిషి, ఆ జాగా నాకన్నా ఎక్కువ ఆవిడకి కావాలి. గరిటె గుమ్మానికి ఆనించి కొంగుతో నేల తుడిచి లేచింది. "సందులో బండి తిరగదు తిరగదంటారు" అంది. "తిరక్కపోతే వెనక్కి నడుపుకుంటూ రమ్మనండి. ముందుకే రావాలని ఎవరు పెట్టారు షరతు." ఇక నేను ఆపుకోలేదు, నవ్వాను, బడి మానేసిన తర్వాత అంత నవ్వు నవ్వలేదు, పిల్ల నవ్వింది, ఇస్త్రీ నవ్వలేదు కానీ నవ్వుతున్నవాళ్ళని చూస్తూ కూర్చున్నాడు, ఇన్నాళ్ళూ ఎవరినైనా నవ్వుతుంటే అలా తీరిగ్గా చూశాడా అనిపించింది. తర్వాత పెన్ను తీసుకున్నాడు. ఒప్పుకోలేదు అని రాశాడు. రాసి, నాకేసి చూడకుండా, పిల్లతో, వచ్చే ఆదివారం రానా అన్నాడు, పాఠాలు అయిపోయాయి కదా, ఊరికే. రండి, నాకింకా అడగాల్సినవి పదకొండున్నాయి అంది అది. ఆయన ముసలివాడిలా తల ఊపాడు.

చట్ట ప్రకారం కింద జాగా వివరం కూడా రాయాలట, పాత కాగితంలోంచి చూసి ఆయన ఒక్కొక్కటే రాస్తున్నాడు, నేను పైకి చదవమన్నాను. మనసులో కాదు, పైకి. ఏం పోగొట్టుకున్నామో ఇంట్లో అందరూ వినాలి, ముఖ్యంగా పిల్ల వినాలి, దాని ఒక్క ప్రశ్న వెల ఎంతో దానికి తెలియాలి, రేపు ఎవరైనా నీ మాటకి విలువేమిటని అడిగితే చెప్పుకోవడానికి లెక్క ఉండాలి, అంచనా కాదు. ఆయన చదివాడు, నేను నిటారుగా నిలబడి విన్నాను, పతకం వేస్తుంటే నిలబడతారే, అలా. తూర్పున మెయిన్ రోడ్డు, పడమర మురుగు కాలువ, దక్షిణాన టైర్ల కొట్టు, ఉత్తరాన ఖాళీ స్థలం. ముందు వెడల్పు ఇరవై రెండున్నర అడుగులు, లోపలికి అరవై రెండు అడుగులు, వెరసి నూట యాభై ఐదు గజాలు.